మాచునూరు రేడియోకు వార్తల నిషేధమేల?

తెలంగాణములో జహీరాబాదు ప్రాంతమున, ఝరాసంగము మండలమునందు, మాచునూరు అను చిన్న గ్రామము కలదు. 2008 అక్టోబరు 15వ తేదీన, గ్రామీణ మహిళా దినోత్సవమని లోకము పాటించు దినముననే, ఈ గ్రామమునుండి సంఘం రేడియో 90.4 మెగాహెర్ట్జ్‌లపై తన ప్రసారముల నారంభించినది. విద్యాసంస్థల ప్రాంగణములలో అంతకు పూర్వమే కొన్ని చిన్న రేడియో కేంద్రములు వెలసియున్నను, గ్రామీణ ప్రజలతో పనిచేయు సంస్థ యొకటి ప్రభుత్వానుమతిని పొంది ప్రసారము చేయుట మన దేశమున అదియే ప్రథమము. ఆ కేంద్రమున మైక్రోఫోను చేతబట్టినవారును, దానిముందు మాటలాడినవారును, ఇండ్లలో కూర్చుండి విన్నవారును చాలవఱకు దళిత కుటుంబములకు చెందిన చిన్న రైతు స్త్రీలగుట మఱింత విశేషము. తెలుగునేలకు దక్కిన యీ గౌరవమును మనము చెప్పుకొనవలసినంతగా చెప్పుకొనలేదు. దానిని జ్ఞాపకము చేయుటతోబాటు, ఆ స్త్రీలకు మాటలాడు అధికారము నొసగిన నిబంధనలే వార్తలు చెప్పు అధికారమును నిరాకరించుచున్నవనియు, ఈ నిరాకరణము తొలగవలెననియు వాదించుటకై ఈ వ్యాసము వ్రాయుచున్నాను.

తెలుగువారికి రేడియో క్రొత్త వస్తువు కాదు. 1938లో మద్రాసు కేంద్రము తెఱవబడిన నాటినుండి తెలుగు మాట ఆకాశమార్గమున వినవచ్చుచునేయున్నది. 1948 డిసెంబరు 1వ తేదీన విజయవాడ కేంద్రము పుట్టినది. నిజాము ప్రభుత్వము నడపిన డెక్కన్ రేడియో 1950లో ఆకాశవాణిలో చేరిపోయినది. ఏటేట తపాలా కార్యాలయమునకు పోయి, రుసుము చెల్లించి, లైసెన్సు పుస్తకముపై ముద్ర వేయించుకొని వచ్చిన తరమువారికి ఆ పెట్టె గృహమునందలి ఒక పెద్దదిక్కు. న్యాయపతి రాఘవరావుగారును కామేశ్వరిగారును రేడియో అన్నయ్య, అక్కయ్యలై పిల్లలచేత మాటలాడించి, పాడించి, రెండు తరముల బాల్యమునకు వెలుగునిచ్చిరి. ఉషశ్రీగారు రామాయణ భారతములను చెప్పుచున్న వేళ వీథివెంట నడచిపోవు మనుష్యునకు ఇంటింటినుండి ఒకే కంఠము వినవచ్చెడిది. ఎరువు ఎప్పుడు వేయవలెనో, తెగులునకు ఏ మందు చల్లవలెనో రైతునకు సాయంకాలము చెప్పినది కూడ ఆకాశవాణియే. ఈ ఋణమును కాదనువాడు కృతఘ్నుడు.

అయినను ఆ వ్యవస్థలో మాట ఒక వైపునుండియే ప్రవహించినది. ప్రసంగించు విద్వాంసుడు పట్టణమున నిర్ణయింపబడెను; ఆయన ప్రసంగపు ప్రతి ముందుగా వ్రాసి యిచ్చి, పరిశీలనము పొందిన పిదపనే చదువబడెను. పల్లెవాడు వినెను, కొన్నాళ్లకొక ఉత్తరము వ్రాసెను, దానిని ఎవరైన చదివి వినిపించిన ధన్యుడనైతి ననుకొనెను. 1956లో యునెస్కో సహాయముతో పూనా కేంద్రము గ్రామీణ శ్రోతల సమావేశము లను ప్రయోగము చేసినది. నూటయేబదికి దగ్గఱగా గల గ్రామములలో రైతులు గుంపులుగా కూర్చుండి విని, చర్చించి, తమ సందేహములను కేంద్రమునకు పంపుచుండిరి. పంపిన ప్రశ్నకు ప్రత్యుత్తరము రేడియోలోనే వచ్చుచుండెను. అది మంచి ప్రయోగము. శ్రోత కూడ ఆలోచించునని, ఆతనికిని చెప్పదగిన దేదియో కలదని ఆనాడు మొదట గుర్తింపబడినది. ఆ గుర్తింపు మైక్రోఫోనును పల్లెవాని చేతికి ఇచ్చువఱకు మాత్రము పోలేదు. దానికి మఱి అర్ధశతాబ్దము పట్టినది.

ఆ పని మాచునూరులో ఎట్లు జరిగెనో తెలిసికొనవలెను. జహీరాబాదు మండలములు వానను నమ్ముకొన్న మెట్టభూములు. అచటి దళిత కుటుంబములకు దక్కిన భూమి కొలదిపాటిది; అదియును ఱాళ్లుతేలిన చవుడు. 1983లో పస్తాపూరు కేంద్రముగా దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ స్థాపింపబడి, గ్రామగ్రామమున పేద స్త్రీల సంఘములను కూర్చినది. పత్రికలలోను, దూరదర్శన్‌లోను పనిచేసి వచ్చిన పి.వి. సతీష్‌గారు దానికి ప్రాణము పోసినవారిలో ముఖ్యులు. బీడువడిన భూములను సాగునకు తెచ్చుట, జొన్న, కొఱ్ఱ, సామ, తైద, సజ్జ, పప్పుధాన్యములు ఒకే చేనిలో కలిపి పండించుట, ఇంటింట విత్తనమును దాచుట, పండిన జొన్నలనే పల్లెలోని పేదలకు రేషనుగా పంచుట, ఇవి ఆ సంఘముల తొలి కార్యములు. వరి, గోధుమలకే ధాన్యమను గౌరవము దక్కుచున్న కాలమున ఇవి ఎదురీతలే. ఎదురీదువారికి తమ మాట తమలో తాము చెప్పుకొను సాధనము కావలసివచ్చినది. అక్షరము రాని స్త్రీలకు పత్రిక ఆ సాధనము కాజాలదు. రేడియో కాగలదు.

1990వ దశకము చివరిభాగమున యునెస్కో సాయముతో మాచునూరులో స్టూడియో కట్టబడినది. చిన్న ప్రసారయంత్రములు వచ్చినవి. స్త్రీలు ధ్వనిముద్రణము నేర్చిరి. అన్నియు సిద్ధములైనను ప్రసారము చేయుటకు అనుమతి లేదు. 1885 నాటి టెలిగ్రాఫు చట్టము ప్రకారము గాలిలోనికి మాటను పంపు అధికారము ప్రభుత్వమునకే చెల్లుచుండెను. అనుమతి లేక పంపుట నేరము. అప్పుడా స్త్రీలు చేసిన పని నాకు వారి చరిత్రలోకెల్ల మిక్కిలి ఆదరణీయముగా తోచును. వారు రేడియో కార్యక్రమములను రేడియో లేకయే నడపిరి. పగలు చేలలోను, అరుగులపైనను ముద్రించిన మాటలను, పాటలను స్టూడియోలో కూర్చి క్యాసెట్టునకెక్కించి, ఆ క్యాసెట్టులను సంచిలో వేసికొని రాత్రి సంఘసమావేశము జరుగు పల్లెకు కొనిపోయి, టేపురికార్డరులో వినిపించుచుండిరి. విన్నవారు దానిపై చెప్పిన అభిప్రాయము తరువాతి కార్యక్రమమునకు వస్తువగుచుండెను. ఇట్లు ఒకటి రెండు నెలలు కాదు, ఇంచుమించు పదియేండ్లు గడచినవి. లైసెన్సు వచ్చునను నమ్మకమునకు ఎట్టి ఆధారమును కనబడనివేళ గూడ వారు పని మానలేదు.

ఆధార మొకటి న్యాయస్థానమునుండి అదివఱకే లభించియున్నది. 1995 ఫిబ్రవరి 9వ తేదీన క్రికెట్టు పోటీల ప్రసారమును గూర్చిన వివాదములో సర్వోన్నత న్యాయస్థానము, ఆకాశతరంగములు ప్రజల ఆస్తియనియు, వానిపై ప్రభుత్వమునకు గుత్తాధికారము లేదనియు తీర్పు చెప్పినది. ఆ ధర్మాసనమున న్యాయమూర్తులు పి.బి. సావంత్, ఎస్. మోహన్‌గారలతోబాటు తెలుగువారైన బి.పి. జీవన్‌రెడ్డిగారు కూడ ఉండి, ప్రత్యేకముగా వ్రాసిన తమ తీర్పులో ప్రభుత్వ గుత్తాధిపత్యము నెంతగా నిరసించిరో, ధనవంతుల గుత్తాధిపత్యమును గూర్చియు అంతగా హెచ్చరించిరి. ఈ రెండవ హెచ్చరికను ఢిల్లీవారు విన్నట్లు లేదు. ఎట్లనగా, ఆ తీర్పునకు పిమ్మట మొదట ద్వారము తెఱవబడినది వర్తకులకు. 1999లో ఎఫ్.ఎం. తరంగములు వేలమునకు సిద్ధము చేయబడినవి. 2001లో బెంగుళూరునుండి మొదటి ప్రైవేటు కేంద్రము సినిమా పాటలతో మ్రోగనారంభించినది. 2002 చివరను విద్యాసంస్థలకు చిన్న కేంద్రములు పెట్టుకొను అనుమతి దొరకగా, 2004లో మద్రాసునందలి అణ్ణా విశ్వవిద్యాలయము దానిని మొట్టమొదట వినియోగించుకొనినది. వేలమున పాడుటకు ధనమును, విద్యాసంస్థ యను బిరుదమును లేని మాచునూరు స్త్రీలు మాత్రము వేచియుండిరి.

వారికొఱకు వాదించినవారు లేకపోలేదు. 1996లో బెంగుళూరు ప్రకటనము, 2000 జూలైలో పస్తాపూరు ప్రకటనము, సమాజమునకు లాభాపేక్ష లేని తన రేడియో యుండవలెనని కోరినవి. అనుమతికై యెదురుచూచుచు కర్ణాటకములోని బూదికోటవారు కేబులు తీగెలద్వారా మాటను ఇండ్లకు చేర్చిరి. కచ్ఛదేశపు స్త్రీలు ఆకాశవాణిలో కొంత కాలము కొనుక్కొని తమ కార్యక్రమమును నడపిరి. తుదకు 2006 నవంబరులో కేంద్ర మంత్రివర్గము స్వచ్ఛంద సంస్థలకును అనుమతి నీయ నిర్ణయించినది. రెండేండ్లకు మాచునూరు పలికినది. ఆ ప్రారంభోత్సవమునకు 1995 నాటి తీర్పు చెప్పిన జస్టిస్ సావంత్‌గారే విచ్చేసిరి.

ఇక ఆ కేంద్రము ఏమి మాటలాడును? సాయంకాలము ఏడు గంటలనుండి తొమ్మిది వఱకు ప్రసారము. ఆ వేళను నిర్ణయించినది శ్రోతల దినచర్యయే: కూలికి పోయినవారు ఇల్లుచేరి, పొయ్యి వెలిగించి, చెవి కొంచెము ఖాళీ చేసికొను సమయము అదియే. వ్యవసాయము, విత్తనము, పశువులు, వైద్యము, పిల్లల చదువు, స్త్రీల కష్టసుఖములు, వంటకములు, బోనాల పాటలు, బతుకమ్మ పాటలు, ఏరువాక పున్నమ కథలు, సంక్రాంతితో మొదలై ఎడ్లబండ్లపై ఊరూర తిరుగు పాతపంటల జాతరలోని చర్చలు, ఇవన్నియు ఆ రెండు గంటలలో వంతులవారీగా వచ్చుచుండును. జనరల్ నర్సమ్మగారును, ఆల్గోలు నర్సమ్మగారును ఆదినుండి ఆ కేంద్రమునకు కాళ్లుచేతులైరి. వారు నగరపు ఉద్ఘోషకులను అనుకరింపలేదు. పొరుగింటివారితో మాటలాడు తీరుననే మాటలాడిరి.

విత్తనమును దాచు విధమును గూర్చి ఒక వృద్ధురాలు చెప్పు కార్యక్రమమును తీసికొందము. వెదురుబుట్టకు లోపల వెలుపల పేడయు మట్టియు పూసి ఎండబెట్టవలెను. ఎండిన విత్తనములో బూడిద కలుపవలెను. అడుగున వేపాకు పఱచి, విత్తనము పోసి, మీద మరల వేపాకు కప్పి, మూతిని మట్టితో మూసివేయవలెను. ఇంతవఱకు ఏ కరపత్రమునందైన వ్రాయవచ్చును. బూడిద యెంత యన్న ప్రశ్నకు మాత్రము ఆమె పిడికిట గింజలు తీసి, వ్రేళ్లసందులనుండి జారవిడిచి, ఆ జాఱుట యెట్లుండవలెనో చెప్పును. ఎండినదా లేదా యన్నచో గింజను పంట కొఱికి ఆ టప్పుమను చప్పుడును వినిపించును. ఆ చప్పుడు మైక్రోఫోనులో పడును. పదిమైళ్ల దూరమున తన బుట్టముందు కూర్చుండిన మఱియొక స్త్రీకి ఆ చప్పుడే పాఠము. మఱునాడామె తనకు తెలిసిన వేఱొక ఉపాయమును చెప్పుటకు సంఘమునకు వచ్చును. అదియును ముద్రింపబడి ప్రసారమగును. శాస్త్రజ్ఞులు సంవత్సరములు శ్రమించి సేకరింపవలసిన విజ్ఞానము ఇట్లు ప్రతిదినము మాటగా పుట్టి, మాటగా పెరిగి, పరీక్షింపబడుచున్నది. 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి సంస్థ యిచ్చు ఈక్వేటర్ పురస్కారము ఈ స్త్రీల సంఘములకు లభించినదన్న, అందులో ఈ సాయంకాలపు సంభాషణలకును భాగము కలదని నా విశ్వాసము.

ఈ కేంద్రము ప్రధానముగా మాటల కేంద్రము. అందులోను జహీరాబాదు మాటల కేంద్రము. తెలుగు, కన్నడము, దక్కనీ ఉర్దూ ముప్పేటగా అల్లుకొన్న ఆ నేలమీద పుట్టిన పలుకు మన పుస్తకములలోనికి రాలేదు, సినిమాలోనికి పరిహాసమునకై మాత్రము వచ్చినది. నేను వ్రాయుచున్న యీ గ్రంథభాషయన్న నాకు మక్కువ యెక్కువ. ఆ మక్కువతోనే చెప్పుచున్నాను: ఒక భాష బ్రదుకునకు ఏ కావ్యమెంత ఆధారమో, పొలముగట్టున నిలిచి చీడను గూర్చియు వానను గూర్చియు తడబడక చెప్పగల ఆ పలుకును అంతే ఆధారము. తన పలుకు రేడియోలో వినవచ్చిన నాడు ఆ స్త్రీ తలయెత్తి నడచును. ఇది చిన్న ఫలము కాదు.

ఇంత చేయగల కేంద్రమునకు వార్తలు మాత్రము నిషిద్ధములు. కమ్యూనిటీ రేడియోకై ప్రభుత్వము చేసిన మార్గదర్శకములు, వార్తలను, వర్తమాన వ్యవహారములను, రాజకీయ స్వభావము గల కార్యక్రమములను ప్రసారము చేయరాదని శాసించినవి. తరువాత కొంత సడలింపు వచ్చినది: ఆకాశవాణి వార్తలను ఉన్నవియున్నట్లుగా గాని, స్థానిక భాషలోనికి మార్చి గాని వినిపింపవచ్చును, వాతావరణము, పరీక్షల ఫలితములు, నీరు విద్యుత్తుల సరఫరా మున్నగువానిని వార్తలు కావని తలంపవచ్చును, ప్రకృతి వైపరీత్యములను గూర్చియు, ఆరోగ్యమును గూర్చియు స్థానిక పరిపాలనాధికారు లందించిన హెచ్చరికలను చెప్పవచ్చును. ఈ సడలింపు స్వరూపమును పరిశీలించినచో, పైనుండి క్రిందికి వచ్చు మాటకే దారి విడువబడినదని స్పష్టమగుచున్నది. వరద వచ్చుచున్నదని అధికారి చెప్పిన ప్రసారము చేయవచ్చును. వరదలో మునిగిన చేనికి పరిహారము రాలేదని రైతు చెప్పినచో ఏమి చేయవలెనో ఆ కేంద్రమునందలి స్త్రీకి తెలియదు. తెలియక, అనుమతి పోవునన్న భయమున, ఆ భాగమును కత్తిరించి వేయును. నిషేధము కంటె ఈ భయము ఎక్కువ హాని చేయుచున్నది.

ఒక పల్లెకు ముఖ్యమైన వార్తలేవి? ఉపాధిహామీ పనికి కూలి ఎన్ని వారములనుండి రాలేదు, రేషను దుకాణము ఈ నెల ఏ దినమున తెఱచిరి, ఆరోగ్య ఉపకేంద్రమునకు నర్సు వచ్చుచున్నదా, గ్రామసభ యెప్పుడు జరిగినది, అందు ఏ తీర్మానము చేయబడినది, జహీరాబాదు అంగడిలో కందులకు వ్యాపారి ఈనాడు ఏమి ధర పలికెను, విత్తనపు పొట్లములోని గింజ మొలచినదా లేదా. ఇవన్నియు వర్తమాన వ్యవహారములే. పంచాయతి, ఎన్నికైన సంస్థ గనుక, దానిపని నంటిన ప్రతి మాటయు రాజకీయమే యనవచ్చును. కావుననే ఈ నిషేధమును అక్షరాల పాటించినచో మాచునూరు శ్రోతకు దూరదేశపు యుద్ధము ఆకాశవాణి ద్వారమున తెలియును గాని, తన యూరి బావికి మోటారు కాలిపోయి పది దినములైనను ఎవరును రాలేదన్న సంగతి తెలియదు. స్థానికమన్న పేరుతో పుట్టిన కేంద్రమున స్థానికముగా జరుగుచున్నదే చెప్పరాదన్నచో దాని పుట్టుకకే అర్థము లోపించును.

ప్రభుత్వపక్షమున చెప్పబడు కారణములను నేను తేలికగా త్రోసివేయను. మతవిద్వేషములు రగుల్కొను దినములలో, సరిహద్దు ప్రాంతములలో, అసత్యవార్త యొకటి రేడియోలో వినిపించినచో రక్తపాతము సంభవించునని వారి భయము. వందలకొలది చిన్న కేంద్రములను ఎవరు వినుచుందురు, ఎవరు అదుపులో నుంచుదురని వారి ప్రశ్న. భయము నిజమైనదే. దానికి చికిత్స ఈ నిషేధము కాదు. వార్తాపత్రికకు అనుమతి కలదు. వందలకొలది టెలివిజన్ ఛానళ్లకు రాత్రింబవళ్లు వార్తలు చెప్పు అనుమతి కలదు. చేతిలోని ఫోనునందు ఎవడు పుట్టించెనో తెలియని వదంతి క్షణములో ఊరంతయు తిరుగుచున్నది. వీనియన్నిటి నడుమ, మాటలాడిన మనిషి పేరు, ఊరు, ఇల్లు శ్రోతలందఱికి తెలిసిన ఒక్క కమ్యూనిటీ రేడియోనే మూసివేయుటలో న్యాయము కానరాదు. నూఱు వాట్ల శక్తికి మించని ప్రసారము అది. స్తంభము ముప్పది మీటరులకు మించరాదు. ప్రసారము చేసిన ప్రతి కార్యక్రమమును మూడు నెలలు భద్రపఱుపవలెను. తప్పు చెప్పినచో సాక్ష్యము ఆ కేంద్రమునందే యుండును. తప్పుచెప్పిన స్త్రీ మఱునాటి యుదయము నీళ్లరేవున ఆ శ్రోతలకే సమాధానము చెప్పవలసియుండును. ఇంతటి జవాబుదారీ ఏ మహానగరపు ఛానలునకు గలదు?

ఈ నిషేధమును తొలగింపుమని కామన్ కాజ్ అను సంస్థ 2013లో సర్వోన్నత న్యాయస్థానమును ఆశ్రయించినది. న్యాయస్థానములు తీర్చువఱకు కాచుకొని యుండనక్కర లేదని నా అభిప్రాయము. న్యాయము మాట అట్లుండ, ధనము మాటయు కలదు. ఈ కేంద్రములను నిలుపుట సులభము కాదు. ప్రసారయంత్రము చెడిన బాగుచేయించుటకు, పనిచేయు స్త్రీలకు జీతములిచ్చుటకు నిలుకడ గల ఆదాయము లేదు. 2024లో ప్రకటనల కాలమును గంటకు పండ్రెండు నిమిషములకు పెంచిరి. అది కొందఱికి ఉపకరించును. జొన్నలు పండించు పేదల పల్లెలో ప్రకటన ఇచ్చు వర్తకుడెవ్వడు? 2023 మార్చిలో సతీష్‌గారు గతించిరి. ఆయనవంటి వ్యక్తులు సమకూర్చిపెట్టిన బలముమీదనే ఒక సంస్థ యెల్లకాలము నిలువజాలదు. ప్రభుత్వము తన పథకముల ప్రకటనలను ఈ కేంద్రములకు నియతముగా ఇచ్చి, వానికి సకాలమున డబ్బు చెల్లించి, అందుకు ప్రతిగా పొగడ్తను కోరకుండుట కనీసధర్మము.

దేశమున నేడు ఇంచుమించు 500 కమ్యూనిటీ రేడియో కేంద్రములు గలవు. ఇంత పెద్ద దేశమునకు ఈ సంఖ్య స్వల్పము. రెండు తెలుగు రాష్ట్రములలో పల్లెలనుండి పలుకు కేంద్రములు మఱియు స్వల్పము. శ్రీకాకుళపు మత్స్యకారులకు, ఉట్నూరు గోండులకు, అనంతపురపు వేరుసెనగ రైతులకు, సిరిసిల్ల నేతవారికి తమ తమ కేంద్రము లేల యుండరాదు? సముద్రముపైకి పోవుటకు ముందు పడవవానికి గాలినిగూర్చి తన రేవువాడే చెప్పవలెను. నూలు ధర పెరిగినచో ఆ కష్టమును మగ్గము ముందు కూర్చున్నవాడే చెప్పవలెను. అందు ఏది వార్త, ఏది విజ్ఞానము, ఏది సంభాషణ యని విడదీయుట ఢిల్లీలోని గుమాస్తాకు సాధ్యము కాదు.

దీనికై పార్లమెంటు క్రొత్త చట్టము చేయవలసిన పనియు లేదు. 2006లో స్వచ్ఛంద సంస్థలకు తలుపు తీసినది మంత్రివర్గ నిర్ణయమే. వార్తల నిషేధమున్నది మార్గదర్శకములలోను, అనుమతి పత్రములలోను. సమాచార ప్రసార మంత్రిత్వశాఖ ఆ నిషేధవాక్యమును తీసివేసి, దాని స్థానమున, ప్రసార పరిధిలోని గ్రామములకు సంబంధించిన వార్తలను, గ్రామసభ, పంచాయతి, మండల పరిషత్తుల కార్యకలాపములను కేంద్రము స్వయముగా సేకరించి ప్రసారము చేయవచ్చునని వ్రాసినచో చాలును. పార్టీల ప్రచారమునకు నిషేధము ఉండనిమ్ము. మూడు నెలల నిలువ నియమము ఉండనిమ్ము. ఫిర్యాదు వచ్చినచో జిల్లాలోనే విని తీర్చు ఒక సంఘమును, అందు సగము మంది శ్రోతలుండునట్లు ఏర్పఱుపనిమ్ము. తెలుగు రాష్ట్రముల పార్లమెంటు సభ్యులు, ఏ పార్టీవారైనను, వచ్చు సమావేశములలోనే ఈ సవరణమును మంత్రిగారి ముందుంచవలెనని కోరుచున్నాను. మాచునూరులో స్టూడియో సిద్ధముగా నున్నది, పనిచేయువారు సిద్ధముగా నున్నారు.